మామయ్యగారి జేబులో పడవ ఫ్యూజు

మా మామయ్యగారు రామలింగేశ్వరరావుగారు ఊరికే కూర్చోలేని మనిషి. కోనసీమ నుంచి భానూర్ దగ్గరి ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఓసారి ఇంట్లో ఫ్యాను బిగించబోయి స్టూలు మీంచి పడ్డారు. ఆ రోజు నుంచి మావారు మధుబాబు ఆయన్ని స్క్రూడ్రైవర్ కూడా పట్టుకోనివ్వలేదు. పెద్దాయన మీద అంత కట్టడి నాకు నచ్చలేదు గాని, నా మాట వినేదెవరు?

సింగూరు జలాశయంలో మల్లయ్య అనే ఆయనకు క్యాబిన్ ఉన్న పడవ ఉంది. అందులోని పాత బల్బుల వేడికి పైకప్పు చెక్క నల్లగా మాడింది. లైట్లు మార్చకపోతే పడవ నడపనివ్వమని తనిఖీకి వచ్చినవాళ్లు చెప్పి వెళ్లారు. మల్లయ్య పాత పరిచయం కొద్దీ మామయ్యగారికి ఫోన్ చేశాడు. మావారు డ్యూటీకి వెళ్లగానే నేనే ఆయన్ని స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్లాను. దొంగతనమే, ఒప్పుకుంటాను.

ఆ రోజు ఆయన్ని చూడాలి. తుప్పు పట్టిన హోల్డర్లు ఊడదీశారు, పెళుసెక్కిన వైర్లు కోసేశారు, కొత్త ఎల్‌ఈడీ లైట్లు వరసగా బిగించారు. మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయారు. పని అయ్యాక చెమట తుడుచుకుని స్విచ్ వేశారు.

ఒక్కటి కూడా వెలగలేదు.

మళ్లీ ప్రతి అతుకూ చూశారు. ఆయన తెచ్చుకున్నది ఇంటి కరెంటు చూసే టెస్టర్, పడవ బ్యాటరీకి అది పలకదు. మొహం పాలిపోయింది.

"ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి అన్నీ కాల్చేశానేమోనమ్మా. మధుబాబు అన్నదే నిజం. నా చేతుల పని అయిపోయింది" అన్నారు.

"పరేషాన్ గాకుండ్రి రావు సారూ. రేపు మళ్ల తనిఖీకి ఆళ్లు వచ్చేలోపు ఇంకొకర్ని పిలుస్త తియ్" అన్నాడు మల్లయ్య. పాపం, ఓదార్పుగానే అన్నాడు. ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికి రాగానే అత్తయ్య ఆయన చొక్కా నానబెట్టబోతూ జేబు తడిమారు.

"మళ్లీ తెచ్చేశారా? ఇది ఎక్కడి ఫ్యూజండీ?" అన్నారు.

ప్లాంటులో ఒక పద్ధతి ఉండేదట. లైను ముట్టుకునే ముందు ఫ్యూజు ఊడదీసి సొంత జేబులో వేసుకోవాలి. అది తన దగ్గరుంటే వెనక ఎవరూ స్విచ్ వేయలేరు. అలా వేసుకున్నది మరిచిపోయి ఇంటికి తెస్తే, సెక్షన్ అంతా చీకట్లో ఉందని వాచ్‌మన్ సైకిల్ వేసుకుని వచ్చేవాడట. పడవలోనూ అలవాటు చొప్పున చేయి తన పని తాను చేసేసింది.

ఆయన ఆ ఫ్యూజును అరచేతిలో పెట్టుకుని కుర్చీలో కూలబడి నవ్వారు. కళ్లల్లో నీళ్లు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు మావారికి సెలవు, ఇక దాచలేక అంతా చెప్పేశాను. స్కూటీ తాళాలు తనే తీసుకుని, మమ్మల్నిద్దర్నీ వెనక ఎక్కించుకుని బయల్దేరారు. మామయ్యగారు ఫ్యూజు పెట్టి స్విచ్ వేయగానే క్యాబినంతా తెల్లగా వెలిగింది. మల్లయ్య "మస్తుంది సారూ" అంటూ పైకప్పు తడిమి తడిమి చూశాడు. తనిఖీవాళ్లు కాసేపు తిరిగి, సరే నడుపుకోమన్నారు.

ఒడ్డుకొచ్చాక మావారు మెల్లగా అన్నారు. "అయినా మర్చిపోయారు కదా నాన్నా."

"పెట్టడం మర్చిపోయాన్రా. తియ్యడం మర్చిపోలేదు. అది మర్చిపోయిన రోజు నువ్వు చెప్పక్కర్లేదు, నేనే మానేస్తాను."

మావారు స్కూటీ తాళాలు నా చేతికిస్తూ, "మన బోరు స్టార్టర్ ఈమధ్య కొట్టుకుంటోంది. సాయంత్రం ఒకసారి చూస్తారా నాన్నా?" అన్నారు.