మూడు గంపలు, ఒక వైవా

మొన్న మా తమ్ముడి కూతురు డేటా స్ట్రక్చర్స్ నోటుబుక్కు నా మంచం మీద మరిచిపోయింది. మార్కాపురం అవతల నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలోనే అదిప్పుడు రెండో సంవత్సరం. ఊరికే తిప్పుతుంటే హ్యాషింగ్ పాఠం దగ్గర మూడు బోర్లించిన గంపలు, వాటి కింద గొర్రెపిల్లలు కనిపించాయి. ఇదెవరు చెప్పారని అడిగాను. "మా ల్యాబ్ సార్ చెప్పినాడత్తా. ఏటా ఇదే చెప్తాడంట, బలే అర్థమైతది" అంది. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాడా అని అడిగితే లేదంది. నాకు తెలుసు, చెప్పడు. ఆ గంపలు మా నాయనవి.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా నాయనకు అరవై గొర్రెలుండేవి. తల్లిగొర్రెలు మేతకు పోయినప్పుడు పిల్లలను గంపల కింద మూసి పెట్టేవాడు. తెల్లవాటిని పల్ల అనేవాళ్ళం, మొహాన నల్లమచ్చలున్నవి జోడిపి, ఎర్రవి దొర. ఒక్కో రంగుకు ఒక్కో గంప. సాయంత్రం మంద తిరిగొచ్చి తల్లులు అరుస్తుంటే, ఏ తల్లికి ఏ రంగు పిల్లో ఆయనకు తెలుసు కాబట్టి నేరుగా ఆ గంప దగ్గరికే పోయేవాడు. అన్నీ ఎత్తి చూసే పనుండేది కాదు. హ్యాషింగ్ అన్నా ఇంతే, ఏదో ఒక గుర్తును బట్టి దేన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వెతకాలో ముందే తేల్చుకోవడం.

నా రెండో సంవత్సరంలో, హ్యాషింగ్ పాఠం వచ్చిన సెమిస్టర్‌లో మాకు వివిక్త గణితం ఒక తలనొప్పి, డిజిటల్ లాజిక్ ఇంకో తలనొప్పి. ల్యాబ్ రికార్డయితే ప్రోగ్రాం నల్ల ఇంకుతో, అవుట్‌పుట్ పెన్సిల్‌తో చేత్తో రాయాలి. కంప్యూటర్ చూపించిన దాన్ని స్కేలు పెట్టి గీతలు గీసి మళ్ళీ మేమెందుకు చూపించాలో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆ విషయం మీద నేనొక అర్జీ రాశాను, జవాబు రాలేదు. అది వేరే కథ.

వైవా రోజు, అంటే నోటి పరీక్ష రోజు, ఆ ల్యాబ్ సారే నన్ను, రెండు కీలు, అంటే రెండు వేర్వేరు అంశాల గుర్తులు, ఒకే చోటికి వస్తే ఏం చేస్తావని అడిగాడు. రెండూ ఒకే గంపలో ఉంటాయి సార్, ఆ గంప వరకు వెతుక్కుంటే చాలు అన్నాను. పుస్తకంలో ఉన్నదీ అదే, మాటలే వేరు. సార్ రికార్డు మూసి, "ఇది ల్యాబమ్మా, గొర్రెల దొడ్డి కాదు" అన్నాడు. యాభై మంది నవ్వారు. ముందు వరసలో ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా వరసగా చెబుతాను. వైవాకు సున్నా వేసి, వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

నేను రానన్నాను. నా జవాబు సరైనదని ఒప్పుకుంటే తప్ప రానని హెచ్‌ఓడీ మేడమ్‌కు మూడు పేజీల అర్జీ ఇచ్చాను. నా పక్కన కూర్చునే యర్రగొండపాలెం పాస్టరుగారి అమ్మాయి బతిమాలింది. "ఏంది మే, సారీ అంటే నోరేమన్నా అరిగిపోతదా? ఫెయిలైతే వచ్చే ఏడు జూనియర్లతో కూర్చోవాల." కూర్చుంటానన్నాను. మేడమ్ అర్జీ చదివి నవ్వు ఆపుకుని తీర్పు చెప్పింది. సోమవారం క్లాసందరి ముందు బోర్డు మీద నా గంపల సంగతి వివరించాలి. నా మాట నిలబడితే మార్కులు, తడబడితే సున్నా ఖాయం, ఇంకో అర్జీ తీసుకోరు.

ఆదివారం ఇంటికి పోయి గంపల ముందు కూర్చున్నాను. ఆ ఏడు పుట్టినవి దాదాపు అన్నీ పల్లలే. రెండు గంపలు ఇంచుమించు ఖాళీగా ఉన్నాయి, ఒక దాని కింద పిల్లలు కిక్కిరిసి తొక్కుకుంటున్నాయి. అన్నీ ఒకే గంప కింద చేరితే ఇక వెతుకులాట తగ్గేదెక్కడ? సార్ ఇదే అడిగితే నా పని అయిపోయినట్టే. నాయనను అడిగితే నా వైపు వింతగా చూశాడు. "దానికేముందిమా, ఇంకో నాలుగు గంపలు తెచ్చి, రంగు ఇడిసిపెట్టి, ఆదివారమా సోమవారమా అని పుట్టిన వారాన్ని బట్టి అన్నింటినీ మళ్ళా సర్దాల. ఒక్క పూట పని." ఆ నోటితోనే నన్నొక ప్రశ్న అడిగాడు, ఇది నేర్పడానికి కాలేజీకి బస్సెందుకు నడుపుతున్నారని.

సోమవారం బోర్డు మీద గంపలు గీశాను. సార్ చివరి బెంచీలో కూర్చుని అంతా విని, నేను భయపడిన ప్రశ్నే అడిగాడు. "మీ గొర్రెలన్నీ తెల్ల పిల్లల్నే ఈనితే?" గంపలు పెంచి, గుర్తు మార్చి, అన్నింటినీ మళ్ళీ సర్దుతాం సార్ అన్నాను. ఆయన లేచొచ్చి, నా చేతిలోంచి చాక్‌పీస్ తీసుకుని, నా బొమ్మ కింద, ఆ మళ్ళీ సర్దడానికి పుస్తకంలో ఉన్న పేరు, రీహ్యాషింగ్ అని రాసి గీత గీశాడు. "కూర్చో" అన్నాడు.

పదిహేనుకు పద్నాలుగు వేశాడు. పాస్టరుగారి అమ్మాయి నా వీపు మీద చరిచి, "గెలిచినావు కదా, ఇంక మొహం అట్ల పెట్టొద్దు మే" అంది. నిజమే, నవ్వాను, ఆ రోజు క్యాంటీన్‌లో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. కానీ కూర్చో అన్నాడే గాని, నీ జవాబు మొదటి రోజే సరైనదమ్మా అనలేదు. తర్వాతి ఏళ్ళలో ఎందరో నన్ను మెచ్చుకున్నారు. ఏమన్నారో ఒక్కటీ గుర్తులేదు. కాలం మనం విన్న మంచి మాటలను త్వరగానే చెరిపేస్తుంది, వినాలనుకుని వినని మాటను మాత్రం చెక్కు చెదరనివ్వదు.