వంక ఎక్కే పరకలు

పెనుకొండ దగ్గర ఒక ఊరి చెరువులో చేపలు పట్టుకుని బతికేది ఉలిగమ్మ. మొగుడు పోయాక మరిది ఈరప్పతో కలిసి ఆ పని చేసేది. తొలి వానలకు వంకలో, అంటే ఊరి వాగులో, కొత్తనీళ్లు వచ్చి చెరువులో పడగానే, పరక చేపలు గుడ్లు పెట్టడానికి ఆ నీళ్లకు ఎదురెక్కేవి. ఇరుకు చోట వల అడ్డం కడితే బుట్టలు నిండేవి.

తొంభైల చివరికి వల ఖాళీగా రావడం మొదలైంది. చెరువులో పరకలున్నాయి, వంక ఎక్కేవే తగ్గిపోయాయి. ఎవరిదో దిష్టి అనుకుని ఈరప్ప కోడిని కోశాడు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల కూతురు మాధవీలత అప్పట్లో చేపల మీద పరిశోధన చేస్తూ ఉలిగమ్మ దగ్గరికి వచ్చేది. వంక ఎక్కే పరకల పిల్లలను ఒక తొట్టిలో, చెరువు వదలని వాటి పిల్లలను ఇంకో తొట్టిలో పెంచింది. ఒకే నీళ్లు, ఒకే మేత. పెరిగాక రెండు తొట్లలోకీ గొట్టంతో ధార వదిలితే, మొదటివి చాలావరకు ఎదురీదాయి. రెండోవి మూలకు ఒదిగాయి. వీటికి ఎవరూ దారి చూపలేదనీ, ఆ గుణం జన్యువుల్లోనే తల్లి నుంచి పిల్లకు దిగుతున్నట్టుందనీ ఆమె ఉలిగమ్మకు చెప్పింది.



"అట్లయితే ఎక్కే జాతినంతా మేమే పట్టేస్తిమి గదమ్మా. ఎక్కనివే పిల్లల్ని పెడతాండాయి," అంది ఉలిగమ్మ.

"అట్లనే అనిపిస్తాంది అక్కా," అంది మాధవీలత.

మరుసటేడు వాన పడగానే, ఈ ఒక్కసారికి వల కట్టొద్దని ఉలిగమ్మ మరిదిని బతిమాలింది. అతని భార్య బాలనాగమ్మ పచ్చి బాలింత. ఇంట్లో గింజల్లేవు.

"చేపల పిల్లలు సరే వదినా, నా బిడ్డ సంగతేంది?" అన్నాడు ఈరప్ప.

అతను వల కట్టి, బుట్టలు తేవడానికి ఇంటికి పోయాడు. ఉలిగమ్మ కొడవలితో తాళ్లు కోసేసింది. అడ్డం తొలగగానే పరకలు పైకి సాగిపోయాయి. తిరిగొచ్చిన ఈరప్ప కొట్టుకుపోతున్న వల కోసం నీళ్లలోకి దూకాడు. అది కాళ్లకు చుట్టుకుంది. ఆమె విసిరిన కొంగు అతనికి అందలేదు. మరునాడు శవం తుమ్మపొదల్లో దొరికింది.

తాళ్లు కోసింది తానేనని ఉలిగమ్మ ఊరందరి ముందూ ఒప్పుకుంది.

"నా మొగునికన్నా నీకు ఆ చేపలెక్కువైనాయా?" అని బాలనాగమ్మ అడిగింది. తర్వాత ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు.

ఆ ఏడు మళ్లీ వాన రాలేదు. వంక ఎండింది. పైకెక్కిన పరకలు, వాటి పిల్లలు మడుగుల్లో చిక్కి కొంగల పాలయ్యాయి. ఉలిగమ్మ హిందూపురం పోయి సుత్తితో చింతపండు కొట్టి గింజలు తీసే కూలికి కుదిరింది.

కొన్నేళ్లకు మాధవీలత ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. వంక ఎక్కేవి ఇంకేమైనా మిగిలినాయా అని ఉలిగమ్మ అడిగింది. వరస కరువులకు చెరువే అడుగంటిందనీ, ఎక్కేవీ ఎక్కనివీ ఏవీ లేవనీ మాధవీలత చెప్పింది.

"ఇంక నా తావకి రావొద్దమ్మా," అని ఉలిగమ్మ సుత్తి అందుకుంది.