పొక్కులు పసిగట్టే యంత్రం

ఎనభైల నడిమధ్య డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో నా ఉద్యోగం పేరు నాలెడ్జ్ ఇంజనీర్. ఆ మాటకు అర్థం నాకూ తెలియదు, నన్ను తీసుకున్న మేనేజరుకూ తెలియదు. ఎవరో అమ్మకాలాయన వచ్చి, మనిషిలా ఆలోచించే కంప్యూటర్ అంటూ రెండు గంటలు ఊదరగొడితే కొనేశారు. దానికి విడిగా ఏసీ గది కట్టించారు. మాకు మాత్రం టేబుల్ ఫ్యానే గతి.

నా పని ఒక్కటే. ఫ్యాక్టరీలో రంగు వేసిన భాగాలను ఆరబెట్టే ఓవెన్ ఉండేది. ఒక్కోసారి రంగు మీద పొక్కులు లేచేవి. ఎందుకు లేస్తున్నాయో చెప్పగలిగినవాడు ఒక్కడే, ముప్ఫై ఏళ్లుగా ఆ ఓవెన్ దగ్గరే నిలబడ్డ ఒక అమెరికన్ ముసలాయన. ఆయన రిటైరయ్యేలోగా ఆయన బుర్రలో ఉన్నదంతా రూల్స్‌గా రాసి కంప్యూటర్‌కి ఎక్కించాలి. డెమో బాగా జరిగితే కంపెనీ నా గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేస్తుంది. లేకపోతే వీసా అయిపోగానే పెట్టె సర్దుకోవాలి.

మొదటిరోజే ఆయన మూడు ముక్కల్లో తేల్చేశాడు. "వాసన చూస్తాను. తలుపు మీద చెయ్యి పెడతాను. ఈ మీట తిప్పుతాను. అంతే." శ్రద్ధగా వింటున్నానని తెలియడానికి మనవాళ్లందరిలాగే తల అటూ ఇటూ ఊపాను. ఆయన కాసేపు నన్ను చూసి, "సరే, వాన పడేరోజు కొంచెం తేడా" అన్నాడు. మళ్లీ ఊపాను. "సోమవారాలు కూడా తేడానే" అన్నాడు. నేను ఊపుతూనే ఉన్నాను, ఆయన కలుపుతూనే ఉన్నాడు.

ఎనిమిది నెలల తర్వాత కాఫీ తాగుతూ అడిగాడు, "నేనేం చెప్పినా నీకు నమ్మకం ఎందుకు కుదరదు?" అప్పుడు తెలిసింది, నేను తల ఊపినప్పుడల్లా ఆయనకు 'కాదు' అన్నట్టు కనిపిస్తోందని. అప్పటికే నాలుగు వందల రూల్స్ అయ్యాయి. సగం నన్ను ఒప్పించడానికి కల్పించినవే. తీసేద్దామంటే మేనేజర్ ఒప్పుకోలేదు. నాలుగు వందలున్నాయని అప్పటికే పైవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాడు.

అప్పటికి మా ఆవిడకు ఏడో నెల.

"ఏమండీ, ఇంతకీ ఆ మెషిన్ వర్క్ చేస్తుందా?" అంది.

"ముసలాయన పక్కనుంటే చేస్తుంది."

"ఆయన పక్కనుంటే మెషిన్ ఎందుకండీ?"

డెమోలో ఆ మాట ఎవరూ అడక్కుండా ఉంటే చాలనుకున్నాను.

డెమో రోజు పొక్కులు నిజంగానే లేచాయి. పైవాళ్లు టైలు కట్టుకుని తెర ముందు కూర్చున్నారు. వాసన పుల్లగా ఉందా అని కంప్యూటర్ అడిగింది. దానికి ముక్కు లేదు గనక ముసలాయన వెళ్లి చూసొచ్చి, ఉందన్నాడు. తలుపు ఎంత వేడిగా ఉంది? మళ్లీ వెళ్లొచ్చాడు. మూడోసారి వెళ్లినప్పుడు, ఎలాగూ అక్కడిదాకా వెళ్లాను కదా అని మీట తిప్పేసి వచ్చాడు. పొక్కులు ఆగిపోయాయి. కంప్యూటర్ ఇంకో ముప్పావుగంట వాన గురించీ సోమవారాల గురించీ ఆరా తీసి, మీట తిప్పమంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఓవెన్ వైపు చూసినవాడు లేడు.

ఆయన్ని రిటైర్ కావద్దని బతిమాలారు. కంప్యూటర్ అడిగేవాటికి జవాబు చెప్పే మనిషి కావాలి కదా. అంత ఆర్భాటానికీ కంపెనీకి ఏం ఒరిగిందో తెలియదు గానీ, నా ఫైల్ మాత్రం కదిలింది.

ఈ పని చేయగలవాడు దేశంలో దొరకడం లేదని కంపెనీ ప్రభుత్వానికి రాసివ్వాలి. పని తెలిసినవాళ్ల ఉత్తరం కూడా ఒకటి జతచేస్తే మంచిదన్నాడు లాయర్. పని తెలిసినవాడు ఒక్కడే. సిగ్గుతో చచ్చిపోతూ కాగితం ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. పొక్కుల కారణం కనిపెట్టగల నైపుణ్యం ఉన్న అమెరికన్ ఒక్కడూ లేడని అందులో ఉంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"బిడ్డ ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే నెలండీ."

కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.