అర్జంటు డాక్టరమ్మ

డాక్టరమ్మ చేతులు కోత లోపల టేపు అంచు కోసం వెతుకుతున్నాయి. నోరు తన పని తాను చేసుకుపోతోంది.

"దొరికింది. కత్తెర ఇవ్వు. ఇది కాగానే నాకు అర్జంటు."

థియేటర్లో ఎవరూ తలెత్తలేదు. ఆవిడకి ఎప్పుడూ అర్జంటే. మీటింగైనా, పెద్ద డాక్టరు ఉపన్యాసమైనా మధ్యలో లేచి, "నాకు బాత్రూముకి అర్జంటు, ఎవరైనా తోడొస్తారా?" అని హాలంతా వినబడేలా అడుగుతుంది. ఆడవాళ్ళ మూత్రం బాధలు బాగుచేసే మనిషికే ఆ బాధ ఉందని అందరూ జాలిపడేవారు. హెడ్ నర్సు సిగ్గుతో చితికిపోయేది.

"కాస్త మెల్లగా చెప్పొచ్చుగా మేడమ్."

"మెల్లగా చెప్తే ఆగుతుందా?"

బల్ల మీదున్నది బట్టలు కుట్టే ఆవిడ. దగ్గితే కారుతోందని వేరే ఆసుపత్రిలో మూత్రనాళం కింద టేపు వేయించుకుంది. అది మరీ బిగుసుకుని, కారడం సంగతి అలా ఉంచి, అసలు రావడమే కష్టమైపోయింది. డాక్టరమ్మ టేపును నడిమికి కత్తిరించి, "బిగుతు జాకెట్టు కుట్టు విప్పినట్టే. చిరక్కుండా విప్పడమే పనితనం," అంది.

మర్నాడు పొద్దున హెడ్ నర్సు మూత్రం ట్యూబు తీసింది. సాయంత్రంలోగా సొంతంగా పోయలేకపోతే మళ్ళీ ట్యూబే.

"కాలికి సంచీ కట్టుకుని మెషిన్ ఎలా తొక్కనమ్మా?" అంటూ కుట్టుపని ఆవిడ చెంబెడు నీళ్ళు తాగింది. కానీ మంచం దిగదు. వార్డులో అన్ని కళ్ళూ తన మీదే.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి ఆ మంచం దగ్గరే ఆగింది. "అర్జంటు. ఒక్కదాన్నే పోలేను, తోడు రామ్మా."

వార్డంతా డాక్టరమ్మని చూసి నవ్వింది. ఆ నవ్వుల్లో కుట్టుపని ఆవిడ దిగి నడిచిన సంగతి ఎవరూ గమనించలేదు.

కొలత జగ్గు బాత్రూములోకిచ్చి ఇటు తిరిగిన హెడ్ నర్సుకి డాక్టరమ్మ బయటే కనబడింది. పక్కనున్న కుళాయి ధారగా తిప్పి, తలుపుకి వీపు పెట్టి నిలబడి ఉంది.

"మీకు అర్జంటన్నారు?"

"నాకా? ఇంటి దగ్గరే చూసుకొచ్చా."

హెడ్ నర్సు ఆలోచించింది. మీటింగుల్లో ఈవిడ లేచిన ప్రతిసారీ వెనకాలే ఎవరో ఒకరు లేచేవారు. నిండు నెలల క్లర్కు, ముసలి ఆయా, ఒకసారి తను కూడా.

లోపల్నుంచి సన్నగా వినబడింది. "వచ్చిందమ్మా."

స్కాన్‌లో మూత్రాశయం ఖాళీ. డాక్టరమ్మ దగ్గమంది. చుక్క కారలేదు.

సాయంత్రం కుట్టుపని ఆవిడ భర్త వచ్చాడు. గొంతు తగ్గించి, "పాపం, అంత పెద్ద డాక్టరుకి ఆ జబ్బేంటో. దానికి మందు లేదా?" అన్నాడు.

"తగ్గే జబ్బు కాదులెండి, తగ్గకూడదు కూడా. ఆ బట్టల బ్యాగు పట్టుకోండి," అంది కుట్టుపని ఆవిడ.

హెడ్ నర్సు నవ్వాపుకుంటూ మందుల కవరు అతని చేతికిచ్చి, ఆవిడని గుమ్మం దాకా తీసుకెళ్ళి అప్పగించింది.