ముందు పడవ వెనక ఈదినవాడు

శివశంకర్‌కు ఒడ్డు మీద బతకాలని ఉండేది. సముద్రంలో చేపల వేటే బతుకైన పట్టపోళ్ళ పాలెంలో మగవాడి నోట ఈ మాట వస్తే నవ్విపోతారు. అందుకే భార్య సుభాషిణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె నాయన వేటకు పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. మొగుడు సముద్రం మీద ఉన్నంతసేపూ పాపం ఆ పిల్లకు ముద్ద దిగేది కాదు.

పోయిన డిసెంబరులో మైపాడు బీచ్‌లో గార్డు ఉద్యోగం ఒకటి పడింది. సముద్రంలో ఈత పోటీ పెడతారు, మొదట వచ్చినవాడికే ఉద్యోగం. సుభాషిణి ఆ రోజే పోలేరమ్మకు మొక్కుకుంది.

"గెలిచినావంటే ఇంక వేట మాటెత్తబాక," అంది. "ఒడ్డున నిలబడి ఈల ఊదుకో, అంతే."

పోటీకి ముత్యాలయ్య కూడా పేరిచ్చాడని తెలిసి పాలెమంతా నోరెళ్ళబెట్టింది. ఆయనకు ఉద్యోగమెందుకు? పాలెం పడవలన్నిటికీ దారి చూపే ముందు పడవ ఆయనది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఇవాళ ఒకచోట లేస్తే రేపు ఇంకోచోట లేస్తాయి. ఫోనులో దారి కనిపిస్తుంది గానీ మేట కనిపించి చస్తుందా? అందుకే పాలెం పెద్దలైన కాపులు దురాయి వేసి కట్టడి చేశారు. మొగలోకి వచ్చేటప్పుడు ప్రతి పడవా ముత్యాలయ్య పడవ వెనకే రావాలి, పక్కకు తప్పుకున్నవాడు పాలేనికి తప్పు కట్టాలి. మీసాలు రాకముందే ఆయన పడవెక్కిన శివశంకర్‌కు ఈ కట్టుబాటు ఒంట్లో ఇంకిపోయింది.

పోటీ దారి తేలికే. లోపల లంగరు వేసిన పసుపు డ్రమ్మును చుట్టి, ఒడ్డున ఎర్రగుడ్డలు కట్టిన గేటు దగ్గరికి రావాలి. ముందువాడి కాళ్ళ వెనకే ఈదితే చీలిన నీళ్ళలో సగం శ్రమ తప్పుతుంది, చివర్లో పక్కకు వచ్చి దాటేయవచ్చు. శివశంకర్ ఆ లెక్కతోనే ముత్యాలయ్య కాళ్ళ వెనకే పడ్డాడు. డ్రమ్ము చుట్టేసరికి ఇద్దరూ అందరికన్నా ముందున్నారు. కోడూరు నుంచి పోటీకి వచ్చిన బెన్హర్ చాలా వెనక ఉన్నాడు.

అక్కడి నుంచే వచ్చింది తంటా. నీళ్ళు దక్షిణానికి లాగుతున్నాయి. గేటుకు చేరాలంటే దానికి ఉత్తరాన ఉన్న సరుగుడు తోపు మీద గురిపెట్టి ఈదాలి, మిగతా పని నీళ్ళే చేస్తాయి. శివశంకర్ తలెత్తి చూశాడు. తోపు కుడివైపు జరిగిపోతోంది. గేటు కూడా కుడికి పోతోంది. ముత్యాలయ్య మాత్రం ఎడమకే పోతున్నాడు.

'అన్నకు తెలీకుండా ఉంటుందా?' అనుకున్నాడు. మళ్ళీ తలెత్తాడు. గేటు ఇంకా దూరమైంది. కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని కూడా నమ్మలేదు మనవాడు. ఈ నీళ్ళలో అన్న ఏదో కనిపెట్టే ఉంటాడని ఆ కాళ్ళ వెనకే పోయాడు. పక్కకు తప్పుకోవాలని ఒకసారి భుజం తిప్పాడు కూడా. కానీ ముందు పడవను వదిలిన పాపం ఏదో చేస్తున్నట్టు అనిపించి మళ్ళీ వెనక్కే చేరాడు. వెర్రిబాగులవాడు! అంత దగ్గరికి వచ్చిన అదృష్టాన్ని చేజేతులా వదిలేశాడు.

వాళ్ళు తేలిన చోట గేటు లేదు. టీ బంకు మీద ఎర్ర టార్పాలిన్ ఉంది. అవతల బెన్హర్‌ను జనం భుజాలకెత్తుకున్నారు.

ముత్యాలయ్య టార్పాలిన్ దగ్గరికి నడిచి వెళ్ళి చేత్తో తడిమాడు.

"ఇది గేటు కాదా, శివా?"

శివశంకర్ దగ్గరికొచ్చి ఆయన కళ్ళలోకి చూశాడు.

"రెండేళ్ళ నుంచి దూరంవి కనపడ్డంలా, రంగులు మసగ్గా తెలస్తాయంతే," అన్నాడు ముత్యాలయ్య. "కంటి నరం ఎండిపోయిందంట. ఆపరేషన్‌కు లొంగదన్నారు. ఒడ్డున ఉద్యోగమొస్తే పరువుగా పడవ దిగిపోదామనుకున్న్యా."

"మరి మొగలోకి పడవల్ని ఎట్ట తెస్తన్నావన్నా?"

"నువ్వు పడవ ముందు కొమ్మున నిలబడి వాగతానే ఉంటావు గదా. ట్యాంకు ఈడుంది, తోపు ఆడుందని. అది ఇని తిప్పతా. మేట దగ్గరపడితే నీళ్ళు చుక్కానికి చెప్తాయి. ఎవురికీ చెప్పబాక నాయనా."

చెప్పనని శివశంకర్ మాటిచ్చాడు. మేట తగిలే తీరు ముత్యాలయ్య చేతికి తప్ప పాలెంలో ఎవరికీ పట్టుబడలేదు, శివశంకర్‌కు కూడా. ఆ చెయ్యి ఇప్పుడు శివశంకర్ నోరు లేకుండా పనిచేయదు. వాళ్ళ వెనక పాలెం పడవలన్నీ వస్తాయి. శివశంకర్ ఆ రోజు ఇంటికి పోయి ఎంతసేపు ఏడ్చాడో. ఓడిపోయినందుకేననుకుని సుభాషిణి అతని వీపు నిమిరింది.

ఎండాకాలంలో ఇంకో ఉద్యోగం పడింది. బెన్హర్ ఎటూ పోటీలో ఉండడు. ఈసారి నీదేనని సుభాషిణి ముఖం వెలిగిపోతూ చెప్పింది.

"నేను పోను," అన్నాడు శివశంకర్.

"ఎందుకు?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. ఇచ్చిన మాట ఒకటి, బయటపడితే మొగలోకి పడవలను ఎవరు తెస్తారన్న భయం ఇంకొకటి.

"సముద్రమంటేనే ఇష్టం నాకు," అన్నాడు.

సుభాషిణి అరవలేదు, ఏడవలేదు.

"సరే," అంది. "మా నాయన కోసం చూసి చూసి అలిసిపోయినా. నీ కోసం చూడను. నేను మాయమ్మ దగ్గరికి పోతన్నా."

ఆమె బట్టలు సర్దుకుంటుంటే అతను గడప మీద కూర్చుని ఉండిపోయాడు.