ఐదో కోడలి చేతులు కట్టేసే మందు

మా అత్తమ్మకు ఎముకల మూలుగలో క్యాన్సర్ అని హైదరాబాదు డాక్టరు తేల్చిన రోజు మా ఇంట్లో అందరికంటే ధైర్యంగా ఉన్నది నేనే. అది ధైర్యం కూడా కాదు, ఉత్సాహం. ఆయన రాసిన ఇంజెక్షన్ ఒంట్లోకి వెళ్లి సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో మా పాల్వంచ కాలనీ మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు మరి.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. అది రెండువేల ఏడో, ఎనిమిదో. ప్రోటియాజోమ్ అని కొత్త పాఠం సిలబస్‌లోకి వచ్చింది. కణంలో పాడైపోయిన ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం అది. నేను రాత్రుళ్లు చదువుకుని, బోర్డు నిండా బొమ్మలేసి, గొంతు పోయేలా చెప్పాను. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. చర్ల వైపు నుంచి వచ్చే పిల్లలు బస్సు పోతుందేమోనని కిటికీలోంచి చూశారు. మిగతావాళ్లు గడియారం చూశారు. ఆ పాఠం నాలో అట్లాగే అరగకుండా ఉండిపోయింది.

అత్తమ్మది పర్ణశాల దగ్గర చిన్న పల్లె. మా ఆయన పనిచేసే థర్మల్ స్టేషన్ క్వార్టర్‌లోకి వచ్చి ఎన్నేళ్లయినా తెల్లారకముందే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లందే మంచినీళ్లు ముట్టేది కాదు. నీళ్ల బకెట్ ఎత్తబోతే పక్కటెముక విరగడంతోనే ఈ జబ్బు బయటపడింది. అప్పటినుంచి వంగలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నేను ఊడుస్తుంటే చూసేది.

"మూలలు నీకు కనబడవా, మూలలకు నువ్వు కనబడవా?" అనేది.

హైదరాబాదులో డాక్టరు ఆమెతో, "సూదులు ఇస్తం పెద్దమ్మా, నొప్పి తగ్గుతది" అన్నాడు. "సరే సారూ" అంది ఈమె. అంతే, అయిపోయింది. ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో వేయించుకునే ఏర్పాటూ అయింది. ఇంటికొచ్చాక సాయంత్రం టీ తాగుతూ ఊరికే అడిగింది.

"గా సూది లోపటికి పోయి ఏం జేస్తదే?"

బుద్ధున్న కోడలైతే "నొప్పి తగ్గిస్తది అత్తమ్మా" అని గ్లాసు తీసుకుని లోపలికి పోయేది. నేను లోపలికి పోయి టిఫిన్ క్యారియర్ తెచ్చాను.

"ఇవి నాలుగు గిన్నెలు. అడుగులు లేవనుకో. ఒకదాని మీద ఒకటి పెడితే నడుమ బోలుగుంటది."

"అడుగు లేకుంటే పప్పు కారిపోదా?"

"పప్పు పెట్టం. ఒక్కో గిన్నె ఏడు ముక్కలు కలిస్తే అయింది. ఏడుగురు చేతులు పట్టుకుని గుండ్రంగ నిలబడ్డట్టు. పై గిన్నె, కింద గిన్నెలల్ల ఉన్నోళ్లు కావలి. చెత్త అని గుర్తు పడ్డదాన్నే లోపలికి రానిస్తరు. నడిమి రెండు గిన్నెలల్ల ఉన్నోళ్లు దాన్ని ముక్కలు ముక్కలు చేస్తరు. అందుట్ల కూడ ఏడుగుట్ల కోసేటోళ్లు ముగ్గురే."

"తతిమ్మా నలుగురు?"

"ఊకె నిలబడతరు. వాళ్లు లేకుంటే గుండ్రం నిలవదు."

"అంటే కోడండ్లన్నట్టు," అంది అత్తమ్మ తాపీగా. "ఏడుగుట్ల ముగ్గురన్న పని చేస్తున్నరు, ఎవ్వరి అదృష్టమో. నాకున్నది ఒక్కతే."

అక్కడన్నా ఆగాల్సింది. కానీ నా జన్మలో మొదటిసారి ఒక మనిషి ప్రోటియాజోమ్ గురించి నన్ను ప్రశ్న అడిగింది. ఆగడం నావల్ల అయ్యే పనేనా?

"ఆ ముగ్గుట్ల ఐదో నంబరుది అందరికంటె గట్టిగ కోస్తది. దాని చేతుల కత్తి లాంటిదుంటది. మన మందు పోయి సక్కగ ఆ కత్తిని పట్టుకుంటది. ఇంక ఐదోది కొయ్యలేదు."

"మంచిగ పని చేసేదాని చేతులే కట్టేస్తదా?"

"అవ్!" అన్నాను, ర్యాంకు కొట్టిన విద్యార్థిని చూసినట్టు చూస్తూ.

"మరి చెత్త?"

"పేరుకపోతది."

"యాడ? నా ఒంట్లనా?"

"గదే గద దాని తెలివి! జబ్బు కణాలు రాత్రింబగళ్లు ప్రోటీన్లు తయారు చేస్తనే ఉంటయ్. అందుకే వాటి చెత్త ఎక్కువ. ఎత్తిపోసేటోళ్లు లేకుంటె ముందుగాల అవే ఊపిరాడక..."

"ఇంట్ల దొంగ జొచ్చిండని ఇల్లంత పెంట చేసుకుంటరా ఎవలన్న? నేనేసుకోను."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మా ఆయన థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చి సంగతి విని, బూట్లు కూడా విప్పకుండా నా వంక చూశాడు. "డాక్టరు రెండు మాటలల్ల ఒప్పిచ్చిండు. నువ్వు టిఫిన్ క్యారియర్ పెట్టి చెడగొట్టినవ్. నిన్ను ఎవలు అడిగిండ్రు?"

"అత్తమ్మే అడిగింది."

"అడిగితె చెప్పుడేనా?"

మాస్టర్స్ చేసినదాన్ని, వాదనలో ఓడిపోవడమంటే ఏంటో తెలియనిదాన్ని. ఆ పూటంతా కొత్త కొత్త ఉపమానాలతో ఆమె వెనక పడ్డాను. చివరికి ఆమె ఆచారాలతోనే ఆమెను పట్టుకోవచ్చని నాకు గొప్ప ఆలోచన వచ్చింది.

"దీపం పెట్టినంక మనం ఊడుస్తమా? పొరక పక్కకు పెడ్తం గద? గిదీ గట్లనే."

"అది లక్ష్మి పోవద్దని. నా ఎముకలల్ల లక్ష్మి ఉన్నదా?"

"సరే, ఎవలన్న ఊరికి పోతె ఎంటనే ఎనకనే ఊడ్వం గద?"

"పోయినోళ్లు మంచిగ చేరాలని ఊడ్వం. ఇప్పుడు పొయ్యేది నేనే గదనే. నా ఎనక ఊడుస్తవో ఊడ్వవో నీ ఇష్టం."

అప్పటిదాకా ఇది నేను గెలవాల్సిన వాదన. ఆ మందు వేసుకోకపోతే ఈ మనిషి ఉండదన్నది నాకు అప్పుడు తట్టింది. అన్నం పెట్టి మాట్లాడకుండా పడుకున్నాను. నేను మాట్లాడకుండా పడుకోవడం మా ఇంట్లో వింత కాబట్టి మా ఆయన రెండుసార్లు లేచి చూశాడు.

పొద్దున వాకిలి ఊడుస్తున్నాను. అత్తమ్మ కుర్చీలోంచి చూస్తోంది.

"గిది ఊడ్సుడా, దువ్వుడా? ఇటు తే పొరక."

కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. సగంలోనే ఆగిపోయి, పళ్లు బిగబట్టి మళ్లీ కూలబడింది. కళ్లు మూసుకునే అడిగింది.

"గా సూదులు ఏసుకుంటె నేను వంగుతనా?"

దానికి సరైన జవాబులో కనీసం నాలుగు 'అయితే'లు, రెండు 'కానీ'లు ఉన్నాయి. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"వంగుతవు," అన్నాను.

"అయితె ఏసుకుంట. నీ ఊడుపు చూస్కుంట చచ్చుడు నాతోని కాదు. కని ఒక్కటి. దవాఖానల నువ్వు నోరు తెర్వద్దు. ఆ ఏడుగురి ముచ్చట మళ్ల ఎత్తితివో, నేను అటే బస్సెక్కుత."

ఒప్పుకున్నాను. వారానికి రెండుసార్లు ఖమ్మం పోయేవాళ్లం. బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను ఆమె పక్కన మూగదాన్నై. అసలు శిక్ష ఇంజెక్షన్ గదిలో పడింది. కొత్తగూడెం నుంచి ఒకామె వచ్చేది, గనిలో పనిచేసే కొడుకు తోడు. ఆమె ఒకరోజు, "ఏం మందక్కా మనకిచ్చేది?" అని అడిగింది.

మా అత్తమ్మ సర్దుకుని కూర్చుంది. "ఒంట్ల ఏడుగురు కోడండ్లుంటరు చెల్లె. అందుట్ల ఐదోది పనిమంతురాలు. ఈ మందు దాని చేతులు కట్టేస్తది. జబ్బోళ్ల ఇండ్లల్ల రోజూ పెండ్లి వంటనే. ఎంగిలి విస్తర్లు ఎత్తేటోళ్లు లేక వాళ్లే మురిగి చస్తరు. కాకపోతె పాపం మన ఐదోది గూడ ఇంక లేవది, గంతే, సచ్చినట్టే."

తప్పు! ఆ చివరి మాట శుద్ధ తప్పు! నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. డ్యూటీ లేని రోజుల్లో మాతో వచ్చే మా ఆయన నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు, ప్రేమతో కాదు.

నొప్పి తగ్గింది. పక్కకు తిరిగి పడుకోగలిగింది, కుర్చీలోంచి తనంతట తనే లేచింది. కానీ కొన్ని నెలలకు అరికాళ్లలో తిమ్మిర్లు, చీమలు పాకినట్టు, మంట. ఖమ్మం డాక్టరు పరీక్ష చేసి, "ఇది ఈ మందుతో వచ్చేదే. వారానికి రెండు కాకుండ ఒకటే ఇద్దాం" అన్నాడు.

"ఒద్దు సారూ, ఆపెయ్యిండ్రి," అంది అత్తమ్మ. "నా ఐదోది సచ్చింది, కాళ్లల్ల చెత్త ఎత్తేటోళ్లు లేరు. ఇంక ఒకటిచ్చినా, పదిచ్చినా నా కాళ్లు గిట్లనే ఉంటయ్."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. ఎవరు చచ్చారోనని మా ఆయన వైపు జాలిగా చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఈసారి చెయ్యి నొక్కలేదు.

"చావలేదు అత్తమ్మా," అన్నాను. "ఆ కట్టు రెండు మూడు రోజులల్ల దానంతటదే వదులైతది. ఐదోది మళ్ల లేచి పని చేస్తది. వారానికొక్కటైతే దానికి ఇంకొన్ని దినాలు ఎక్కువ దొరుకుతయ్. కాళ్లు గూడ తేరుకుంటయ్."

అత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గీ ముక్క ముందుగాల చెప్పొద్దా?"

"నోరు తెర్వద్దన్నవ్ గద."

"ఇన్నేండ్లల్ల నేను చెప్పింది ఒక్కటన్న విన్నవా? గిదొక్కటే వినాల్నా?"

నేను బోరాన్ సంగతి ఎత్తుకున్నాను. ఆ మందులో ఉండే బోరాన్ ఐదోదాని కత్తిని ఎట్లా పట్టుకుంటుందో, మళ్లీ ఎట్లా వదులుతుందో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె అప్పటికే చెయ్యి చాపి, సూది పట్టుకున్న నర్సు వైపు తిరిగింది.

"ఏసెయ్యి బిడ్డా. ఇదింక ఆపది. దీని పాఠం అయ్యేలోపట మన పని అయిపోతది."