చుక్కల చాటున తెలుగు అక్షరాలు

“అక్కా, కంప్యూటర్ లోపలికి రానిస్తలేదు” అని మొదట చెప్పింది బాన్సువాడ వడ్ల కొనుగోలు కేంద్రంలో నాతో పనిచేసే సునీత. ముందురోజే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేశాం. ఎన్నిసార్లు కొట్టినా పాస్‌వర్డ్ తప్పనే అంటోంది. బయట మబ్బులు కమ్ముతున్నాయి. రైతుల పేర్లు ఎక్కితేగాని లారీ కదలదు.

“ఏందమ్మా, వడ్లు మొలకలొచ్చినంక ఎక్కిస్తరా?” అని వడ్లు తెచ్చిన బీర్కూర్ అవ్వ కసిరింది.

నీరసంగా దేవుణ్ణి తలుచుకుని, కంప్యూటర్లు బాగుచేసే రమేశ్‌కు ఫోన్ చేశాను.

“పాస్‌వర్డ్ పక్కన కన్ను బొమ్మ నొక్కక్కా, ఏం పడుతుందో కనబడ్తది.”

నొక్కితే చుక్కల బదులు తెలుగు అక్షరాలు! రైతుల పేర్లకని పెట్టుకున్న తెలుగు కీబోర్డే అప్‌గ్రేడ్ తర్వాత లాగిన్‌కూ వచ్చేసింది. ఇంగ్లీషుకు మార్చగానే తెరుచుకుంది.

కృతజ్ఞత చెప్పబోతే, “ఉంటనక్కా, అమ్మను ఆపరేషన్‌కు తీస్కపోతుండ్రు” అన్నాడు. దవాఖాన వరండాలో నిలబడి ఇంతసేపూ విసుక్కోకుండా చెప్పాడన్నమాట!

అవ్వ వడ్లు తడవకుండా వెళ్లాయి. మీ ప్రార్థనలో రమేశ్ వాళ్ల అమ్మను ఒక్కసారి తలుచుకోండి.